సప్తమీ విభక్తి లేని ‘వైరల్ లోడు’



ఈ టపాలో నా తగవు ఒక మాటతో. ఆ మాట ‘వైరల్ లోడు’. 2020లో మన గుమ్మాలు తొక్కింది. 2021 వేసవి నాటికి వంటింటి మాటలలో కలిసిపోయింది. మహమ్మారి ఉద్ధృతి తగ్గింది గాని ఆ మాట చెలామణి తగ్గలేదు. నేటికీ ఎవరికైనా జ్వరం సోకి పరీక్ష చేయించుకున్నారని తెలిస్తే, ఒంట్లో ఎలా ఉందని అడగడానికి ముందే ‘లోడు ఎంత వచ్చింది?’ అని అడిగే పెద్దమనుషులున్నారు. ఎంత అని అడుగుతారు. ఎక్కడ అని మాత్రం అడగరు.

ముప్పై ఏళ్ళకు పైగా ఉన్నత పాఠశాలలో ‘అందు, ఇందు, న — సప్తమీ విభక్తి’ అని పిల్లలచేత వల్లె వేయించినవాణ్ణి. (‘లో, లోపల’ అనేవాటిని మన వ్యాకరణాలు షష్ఠిలో చేర్చాయని నాకూ తెలుసు, లాక్షణికులు నా మీదికి బెత్తం ఎత్తనక్కరలేదు. అర్థం అధికరణమే కదా.) ఒక వస్తువు ఉన్నదన్నప్పుడు దేనియందు ఉన్నదో చెప్పకపోతే వాక్యం కుంటుతుంది. కుండలో నీళ్ళు, కంటిలో నీళ్ళు, ఊపిరితిత్తులలో నీళ్ళు. మూడూ నీళ్ళే. గిద్దెడు నీళ్ళు కుండలో ఉంటే ఎవరూ పట్టించుకోరు, ఊపిరితిత్తులలో ఉంటే వైద్యుడి కోసం పరుగెత్తుతారు.

తెలుగు పంతులుకు వైరసులతో పనేమిటని మీలో కొందరు నవ్వుకుంటారని తెలుసు. నేను వైద్యుణ్ణి కాను. వైద్యులు ప్రచురించిన పరిశోధనలను ఓపికగా చదివి, అర్థమైనంత మేరకే రాస్తున్నాను. కాని ఈ వ్యవహారంలో సగం వైద్యానిది, సగం భాషది. భాష తాలూకు సగాన్ని నేను వదులుకోను.

నా వాదం ఇది. నెత్తుటిలో కరోనా వైరస్ ఆనవాళ్ళు ఎంత ఉన్నాయన్నదానికీ జబ్బు ముదరడానికీ గట్టి సంబంధం ఉంది. ముక్కులోనో గొంతులోనో పుల్ల పెట్టి తీసిన నమూనాలో ఎంత ఉందన్నదానికి, ఒక మనిషిని ఎదురుగా పెట్టుకుని జోస్యం చెప్పగల శక్తి లేదు. మనవాళ్ళు మొదటిదానికి చెందవలసిన భయాన్ని, భరోసాను కూడా, తెచ్చి రెండవదానికి తగిలించారు. రెండింటికీ ‘లోడు’ అనే ఒకే పేరు ఉండడం ఈ పనిని సులువు చేసింది.

ముందుగా, 2021 వేసవిలో తెలుగు ఇళ్ళలో తిరిగిన రెండు ‘సీటీ’ల సంగతి చెప్పాలి. ఒకటి ఆర్టీపీసీఆర్ పరీక్ష చీటీ మీద ఉండే సీటీ విలువ. నమూనాలో ఉన్న వైరస్ జన్యుపదార్థాన్ని యంత్రం ఒక్కొక్క ఆవృత్తికి దాదాపు రెట్టింపు చేసుకుంటూ పోతుంది. ఎన్నవ ఆవృత్తిలో అది యంత్రం కంటికి ఆనిందో ఆ అంకెయే సీటీ విలువ. త్వరగా ఆనితే సరుకు ఎక్కువ ఉన్నట్టు, ఆలస్యంగా ఆనితే తక్కువ ఉన్నట్టు. అందువల్ల 20కీ 30కీ నడుమ ఉన్న అంతరం సుమారు వెయ్యి రెట్లు. రెండవది, ఛాతీకి స్కానింగు తీసి ఊపిరితిత్తులు ఎంత మేర దెబ్బతిన్నాయో చూసి 25కు వేసే మార్కు, సీటీ స్కోరు. మొదటిది పెరిగితే వైరస్ తక్కువని. రెండవది పెరిగితే జబ్బు ఎక్కువని. ఇంగ్లీషువాడు మొదటిదానిలో రెండో అక్షరాన్ని చిన్నబడిలో రాసి తేడా తెలుపుకుంటాడు. మన లిపికి పెద్దబడి, చిన్నబడి లేవు. పత్రికలో రెండూ సీటీయే, ఫోనులో రెండూ సీటీయే. ‘అన్నయ్యకు సీటీ 24 వచ్చిందట’ అని విజయవాడ నుంచి కబురు వస్తే హైదరాబాదులో ఉన్న చెల్లెలు ఏమనుకోవాలి? విలువ 24 అయితే అది ఎందరికో వచ్చే మామూలు అంకె. స్కోరు 24 అయితే ఊపిరితిత్తులలో జబ్బు అంటని చోటు దాదాపు మిగల్లేదని అర్థం. ఇంత ప్రమాదకరమైన శ్లేషను నేను ఏ ద్వ్యర్థికావ్యంలోనూ చూడలేదు.

సరే, సీటీ విలువనే తీసుకుందాం. దాని వెనుక ఉన్న కొలత ఎటువంటిది? నెత్తుటి పరీక్షకు ఒక మిల్లీలీటరులో ఇన్ని అని చెప్పుకోవడానికి ఒక పాత్ర ఉంది. పుల్లకు అటువంటి పాత్ర లేదు. ముక్కులో ఎంత లోతుకు పోయింది, ఎన్నిసార్లు తిప్పారు, తీసేవాడి చేయి ఎంత తిరిగినది, తీయించుకునేవాడు ఎంత వెనక్కి జరిగాడు, నమూనా ఎండలో ఎంతసేపు ప్రయాణం చేసింది, ఏ సంస్థ కిట్టు వాడారు — ఇన్నిటి మీద ఆ అంకె ఊగుతుంది. ఒకే మనిషికి ఒకే పూట రెండు చోట్ల పరీక్ష చేయిస్తే రెండు అంకెలు రావచ్చు.

ఇది నా సొంత కల్పన అనుకోకండి. భారత వైద్య పరిశోధన మండలి 2020 ఆగస్టులోనే, సీటీ విలువకూ కరోనా తీవ్రతకూ ఉన్న సంబంధం గురించే ప్రత్యేకంగా ఒక సూచనాపత్రం వెలువరించింది. జబ్బు తీవ్రతకు గాని, ఇతరులకు అంటించే శక్తికి గాని, సీటీ విలువతో నేరుగా సంబంధం ఉందని నిరూపించే నమ్మదగిన అధ్యయనాలు లేవని, రోగికి చేసే చికిత్సను ఆ అంకె మీద ఆధారపరచవద్దని అందులో ఉంది. వైరస్ తక్కువ ఉన్నవారిలో కూడా శరీరపు ప్రతిస్పందన వల్ల జబ్బు తీవ్రం కావచ్చునని కూడా ఉంది. ఆ సూచన ఇంగ్లీషులో వచ్చింది, ఇంగ్లీషులోనే ఉండిపోయింది. 2021 ఏప్రిల్‌లో మహారాష్ట్ర ప్రభుత్వం, పాజిటివ్ అని తేల్చే హద్దును 24కు దించవచ్చునా అని అడిగితే, ఎందరో రోగులు లెక్కకు రాకుండా జారిపోతారు గనుక కూడదని, 35 హద్దుగా ఉంచమని అదే మండలి బదులు చెప్పింది. హద్దు అనేది ఉందా లేదా చెప్పడానికి. ఎంత ముదిరింది అని చెప్పడానికి కాదు. ఈ పాటి తేడాను చెప్పడానికి మన ఆరోగ్యపు పేజీలకు ఒక్క పేరా చోటు దొరకలేదు. కషాయాలకు మాత్రం పుటలు పుటలు దొరికాయి.

నాతో పాటు ఒకే బడిలో పనిచేసి నాకంటే ముందు పదవీ విరమణ చేసిన లెక్కల మాస్టారొకరు ఉండేవారు. లాగరిథమ్ పట్టికలు చూడకుండా నోటితో చెప్పగల మనిషి. 2021 మే నెలలో ఆయనకు జ్వరం. మొదట టైఫాయిడ్ అన్నారు. తొమ్మిదో రోజున పుల్ల పరీక్ష చేస్తే సీటీ విలువ 32. అంకెల మనిషి కదా, సూత్రం ఎవరో చెప్పగానే లెక్క కట్టారట: ఇరవైతో పోలిస్తే నాలుగు వేల వంతులలో ఒక వంతు. ‘లోడు అసలు లేనట్టే, ఇంట్లో ఉంటే చాలు’ అని పరీక్ష చేసిన చోట ఒక కుర్రవాడు కూడా అన్నాడట. ఆయాసం వస్తుంటే నీరసం వల్ల అనుకున్నారు. ఇంట్లో ఆక్సిమీటరు ఉంది. పొరుగువాళ్ళు అడిగితే ఇచ్చేశారు, వాళ్ళ లోడు ఎక్కువ గనుక. పదకొండో రోజు రాత్రి ఆసుపత్రికి తీసుకుపోయేసరికి ప్రాణవాయువు డెబ్బైలలో ఉంది. పదిహేనో రోజు పోయారు. ఇదంతా నాకు ఆయన ధర్మపత్ని, కర్మకాండలు ముగిసిన తరువాత, ఫోనులో చెప్పారు. ‘లోడు తక్కువన్నారు కదండీ మాస్టారూ, మరి ఎలా పోయారు?’ అని ఆవిడ నన్ను అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు వెదుక్కుంటూ పోగా పోగా ఈ టపా వచ్చింది.

జవాబు ఇది. కరోనాలో ముక్కులోని వైరస్ జబ్బు లక్షణాలు మొదలయ్యే రోజుల్లోనే శిఖరానికి చేరి, ఆ తరువాత దిగిపోతుంది. ఊపిరితిత్తుల కష్టం రెండో వారంలో ముదురుతుంది. తొమ్మిదో రోజున 32 అనేది కోలుకోబోయేవాడికీ వస్తుంది, పోబోయేవాడికీ వస్తుంది. అది దాటిపోయిన వాన గుర్తు. ఎగువన చెరువు గట్టు తెగిందో లేదో అది చెప్పదు. ఆ చీటీ మీద ‘ముక్కులో, తొమ్మిదో రోజున’ అన్న రెండు మాటలు ఉంటే లెక్కల మాస్టారు తన లెక్కను మరోలా కట్టేవారని నా నమ్మకం.

ముక్కు ఎంత చెప్పగలదో, ఎంత చెప్పలేదో తేల్చిన రెండు అధ్యయనాలు చెబుతాను. మొదటిది జర్మనీలోని మ్యూనిక్‌లో 2020 ఆరంభంలో తొమ్మిదిమంది రోగుల మీద జరిగి, అదే ఏడు ‘నేచర్’ పత్రికలో వచ్చింది. అందరూ యౌవనంలోనో నడివయసులోనో ఉన్నవారు, అందరికీ తేలికపాటి జబ్బే. వారిలో ఒకరి గొంతు నుంచి తీసిన ఒక్క పుల్ల మీద 71 కోట్ల ఆర్ఎన్ఏ ప్రతులు లెక్కకు వచ్చాయి. డెబ్బై ఒక్క కోట్లు! మన లోడుగారి శాస్త్రం ప్రకారం ఆ మనిషికి ఆ రాత్రే నూకలు చెల్లాలి. అదే తొమ్మిదిమంది నుంచి తీసిన 31 రక్తపు నమూనాలలో ఒక్కదానిలోనూ వైరస్ జాడ దొరకలేదు. అందరికీ జబ్బు తేలికగానే పోయింది.

రెండవది 2021 జులైలో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, బార్న్‌స్టబుల్ కౌంటీలో. వేడుకల కోసం జనం గుమిగూడిన ఊళ్ళో డెల్టా రకం వ్యాపించింది. ఆ రాష్ట్రవాసులలో లెక్కకు వచ్చిన 469 మందిలో 346 మంది టీకాలు పూర్తిగా వేసుకున్నవారే. సీటీ విలువల మధ్యస్థం టీకా వేసుకున్నవారిలో 22.77, మిగిలినవారిలో 21.54. అంటే ముక్కుల్లో ఇరుపక్షాలదీ ఇంచుమించు ఒకే లోడు. ఇది చూసి ‘ఇక టీకా ఎందుకు?’ అని మన దేశంలో కూడా కొందరు చంకలు గుద్దుకున్నారు. కాని ఆ 469 మందిలో ఆసుపత్రిలో చేరినవారు ఐదుగురు, మరణించినవారు లేరు. ముక్కు నిండా వైరస్ ఉన్నా లోపలి కోట గోడలు నిలిచి ఉండవచ్చునని ఆ లెక్క చూపింది.

న్యాయానికి ఒక మాట ఒప్పుకోవాలి. వందలమంది ఆసుపత్రి రోగులను ఒకచోట పోసి సగటు తీసినప్పుడు, ముక్కు నమూనాలో వైరస్ ఎక్కువ ఉన్నవారిలో మరణాలు కొంత ఎక్కువగా కనబడిన అధ్యయనాలు ఉన్నాయి. గుంపుకు చెప్పిన సగటును తెచ్చి ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషికి జాతకంగా చదవడం దగ్గరే నా అభ్యంతరం.

ఇక నెత్తుటి సంగతి. 2020 జనవరి చివరలో వూహాన్‌లోని తొలి 41 మంది రోగుల వివరాలు ‘లాన్సెట్’ పత్రికలో వచ్చాయి. వారిలో ఆరుగురి ప్లాస్మాలో వైరస్ ఆర్ఎన్ఏ దొరికింది. అక్కడ ఆ పరిశోధకులు చేసిన ఒక పని నాకు చేతులెత్తి నమస్కరించాలనిపించేలా ఉంది. నెత్తుటిలో వైరస్ ఉండడానికి వైద్యంలో ‘వైరీమియా’ అని పాత మాట ఉంది. వారు దానిని వాడలేదు. తాము చూసింది వైరస్ తాలూకు ఆర్ఎన్ఏను మాత్రమే, బతికి ఉండి అంటించగల వైరస్ ఉందో లేదో పరీక్షించలేదు గనుక, ‘ఆర్ఎన్ఏమియా’ అన్నారు. చూసినంతకే పేరు పెట్టారు. అంత హడావిడిలో, ఊరు ఊరంతా తలుపులు మూసుకున్న రోజుల్లో, మాట దగ్గర అంత నిగ్రహం చూపినవారిని మన విలేకరులు ఒక్కసారి తలచుకోవాలి.

తరువాత అమెరికాలోని బోస్టన్ వైద్యులు ‘నేచర్ కమ్యూనికేషన్స్’లో 2020లోనే ప్రచురించిన అధ్యయనంలో, ఆసుపత్రిలో చేరినవారిలో 27 శాతం మంది ప్లాస్మాలో వైరస్ ఆర్ఎన్ఏ కనబడింది, లక్షణాలున్నా చేరనవసరం లేకపోయినవారిలో 13 శాతం మందిలో. వైరస్ ఎక్కువ ఉన్నకొద్దీ ఇంటర్‌ల్యూకిన్-6 వంటి వాపు సూచికలు ఎక్కువగానూ, లింఫోసైట్ల సంఖ్య తక్కువగానూ ఉన్నాయి. కెనడాలోని మాంట్రియాల్ బృందం 279 మంది ఆసుపత్రి రోగులను చూసి 2021లో ‘సైన్స్ అడ్వాన్సెస్’లో ఇంకా నిక్కచ్చిగా చెప్పింది: లక్షణాలు మొదలైన పదకొండో రోజు నాటికి ప్లాస్మాలో వైరస్ ఆర్ఎన్ఏ ఎంత ఉందో, దానికి వయసునూ ఆడామగా భేదాన్నీ జోడించి చూస్తే, ఎవరికి ప్రాణాపాయమో చాలావరకు ముందే పోల్చవచ్చునని. ఎక్కడ? ప్లాస్మాలో. ఎప్పుడు? పదకొండో రోజున. స్థలమూ కాలమూ రెండూ చెప్పారు. లెక్కల మాస్టారికి ఆయాసం ముదిరిందీ పదకొండో రోజునే.

నెత్తుటిలోని కొలత ఎందుకంత చెబుతుంది? కొన్ని వైరసులకు నెత్తురే క్షేత్రం. హెచ్ఐవీ రోగికి వైరల్ లోడు అంటే ఒక మిల్లీలీటరు ప్లాస్మాలో ఎన్ని ప్రతులున్నాయన్నదే. ఆ మాట పుట్టి పెరిగి గౌరవం సంపాదించుకున్నది అక్కడే. 2014లో సియెర్రా లియోన్‌లో ఎబోలా రోగులను చూసినప్పుడు, మిల్లీలీటరు నెత్తుటిలో లక్ష ప్రతుల లోపు ఉన్నవారిలో 33 శాతం, కోటి లేక అంతకు మించి ఉన్నవారిలో 94 శాతం మంది మరణించారు. అక్కడ లోడు నిజంగానే యమధర్మరాజు చేతి చీటీ. కరోనా వైరస్ క్షేత్రం వేరు. అది శ్వాసమార్గంలో కాపురం ఉండేది. నెత్తుటిలో దాని జాడ కనబడిందంటే ఊపిరితిత్తులలో గాలి గదులకూ నెత్తుటి నాళాలకూ నడుమ ఉన్న సన్నని గోడ దెబ్బతిన్నదో, లోపల వైరస్‌ను ఎవరూ అడ్డుకోలేకపోతున్నారో, రెండూ జరిగాయో అనుకోవాలి. అంటే నెత్తుటిలోని అంకె వైరస్ బలంతో పాటు మన రక్షణ బలహీనతను కూడా కొలుస్తున్నది.

ఈ రెండో సగానికి కూడా సాక్ష్యాలున్నాయి. 2020లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, ప్రాణం మీదికి వచ్చిన 987 మంది రోగులలో 101 మందికి తమ ఇంటర్‌ఫెరాన్లనే చంపుకునే ప్రతిదేహాలు నెత్తుటిలో ఉన్నాయి. జబ్బు తేలికగా పోయినవారిలోనూ అసలు లక్షణాలే లేనివారిలోనూ కలిపి 663 మందిని చూస్తే ఒక్కరికీ లేవు. ఇంటర్‌ఫెరాన్ అంటే వైరస్ చొరబడగానే శరీరం మోగించే తొలి నగారా. ఆ నగారాను సొంత సైన్యమే పగలగొడితే ఏమవుతుంది! అలాగే బ్రిటన్‌లోని రికవరీ ప్రయోగంలో, ప్రయోగశాలలో తయారైన ప్రతిదేహాల మిశ్రమం, తమ శరీరం ఇంకా ప్రతిదేహాలను తయారు చేసుకోని ఆసుపత్రి రోగులలో మరణాలను 30 శాతం నుంచి 24 శాతానికి తగ్గించింది. ముందే తయారు చేసుకున్నవారికి దానివల్ల ఒరిగిందేమీ లేదు. మందు పనిచేయడమూ మానడమూ రోగి సొంత రక్షణ స్థితిని బట్టి నిర్ణయమైంది.

ఇప్పుడు ఎదుటి పక్షాలు. ఒకటి కాదు, నాలుగున్నాయి.

మొదటి పక్షం: ‘ఎంత చెట్టుకు అంత గాలి, లోడు ఎక్కువైతే మందులూ ఎక్కువే పడాలి’ అనేవారు. 2021లో వీరి మాట విని జ్వరం వచ్చిన రెండో రోజునే, ఊపిరి సవ్యంగా ఉన్నా, స్టెరాయిడ్లు మింగినవారెందరో. డెక్సామెథసోన్ మేలు చేస్తుందని చెప్పిందీ ఆ రికవరీ ప్రయోగమే, 2020 జూన్‌లో. వెంటిలేటరు మీద ఉన్నవారిలో మరణాలు మూడో వంతు, ప్రాణవాయువు అవసరమైనవారిలో అయిదో వంతు తగ్గాయని చెప్పింది. ప్రాణవాయువు అక్కరలేనివారికి ప్రయోజనం లేదని కూడా అంతే స్పష్టంగా చెప్పింది. స్టెరాయిడ్ వైరస్‌ను చంపదు, వాపును అణచుతుంది. వాపు ఇంకా రాక ముందు మింగితే వైరస్‌తో పోరాడవలసిన సైన్యం చేతులు కట్టినట్టే. ‘వాపును చూసి బలుపనుకోవడం’ అనే సామెత మనకు ఉండనే ఉంది. ఇక్కడ వైరస్‌ను చూసి వాపనుకున్నారు. ఆ తరువాత మధుమేహులకు ముక్కులోనూ కంటిలోనూ బూజు పట్టింది. 2021 మే 20న తెలంగాణ ప్రభుత్వం బ్లాక్ ఫంగస్‌ను ప్రకటించి తీరవలసిన వ్యాధిగా నోటిఫై చేయవలసి వచ్చింది.

రెండవ పక్షం ఇంకా పుట్టలేదు గాని పుట్టకపోదు. ఈ టపా చదివి ‘అయితే నెత్తుటిలో లోడు ఎంతో చూపించుకుందాం’ అనేవారు. నెత్తుటిలోని వైరస్ ఆర్ఎన్ఏ కొలత పరిశోధకుల పనిముట్టు. జ్వరం వచ్చిన ప్రతివారూ ఏదో ల్యాబుకు పోయి ప్యాకేజీలో కలిపి చేయించుకునేది కాదు. పైన చెప్పిన బోస్టన్ లెక్కనే మళ్ళీ చూడండి: ఆసుపత్రిలో చేరవలసినంత జబ్బు ఉన్నవారిలో కూడా దాదాపు మూడొంతుల మందికి అది కనబడలేదు. ‘నెత్తుటిలో లేదట’ అని మరొక లెక్కల మాస్టారు ఇంట్లో కూర్చుంటే ఆ పాపం ఎవరిది? వేలికి తగిలించే ఆక్సిమీటరు చెప్పేది ముతక మాటే, కాని పనికివచ్చే మాట. మన దేశపు చికిత్సా సూచనలలో, ప్రాణవాయువు 90 నుంచి 93 దాకా ఉంటే మధ్యస్థం, 90 కంటే దిగితే తీవ్రం అని స్పష్టంగా ఉంది. శ్వాస నిమిషానికి ఎన్నిసార్లు అన్నది కూడా ఉంది. నిమిషానికి శ్వాసలు లెక్కపెట్టడానికి గడియారం ఒక్కటి చాలు.

మూడవ పక్షం నా సాటివారిది గనుక కొంచెం నెమ్మదిగా చెబుతాను. ‘మన ఆయుర్వేదంలో రక్తగత జ్వరం అని ఏనాడో చెప్పారు, తెల్లవాడు ఇప్పుడు కనుక్కున్నాడు’ అనేవారు. ధాతుగత జ్వరాల విభజన మన వైద్యగ్రంథాలలో ఉన్న మాట నిజమే. రసగతం, రక్తగతం, మాంసగతం అంటూ శుక్రగతం దాకా వరుస ఉంది. జ్వరం ‘దేనియందు’ ఉన్నదని అడిగిన ఆ బుద్ధికి నేనూ మొక్కుతాను. అయితే ఆ విభజనలోనే రసగత రక్తగతాలు సాధ్యాలని, అంటే నయమయ్యేవని, శుక్రగతం అసాధ్యమని చెప్పారు. కరోనాలో నెత్తుటి జాడ చెడ్డ గుర్తు. పేరు కలిసింది, ఫలశ్రుతి కలవలేదు. వారి ‘రక్తగతం’ వేరు, వీరి ఆర్ఎన్ఏమియా వేరు. పేర్ల పోలికతో పీటల మీద పెళ్ళి చేసేస్తే, సీటీకి సీటీకి ముడిపెట్టినవారికంటే మనం ఎందులో మెరుగు?

నాలుగవ పక్షం, ‘అంకెలన్నీ దొంగవే, ఆ రోజుల్లో అంతా భయపెట్టడమే’ అనేవారు. వీరితో వాదం పెంచను. అంకె దొంగ కాదు, దాని చిరునామా చెరిపేశారు, అంతే. లెక్కల మాస్టారు అంకెను నమ్మి పోయారని వీరంటారు. ఇంకో అంకె, ఆక్సిమీటరు మీది అంకె, ఆయన దగ్గర ఉండి ఉంటే బతికి ఉండేవారేమో.

చివరగా నా సొంత పని, అంటే పేరు పెట్టే పని. ఆర్ఎన్ఏమియాకు తెలుగు కావాలి. ‘రక్తగత వైరస్’ అందామంటే పైన చెప్పిన ఆయుర్వేదపు చిక్కు వస్తుంది; పైగా బతికిన వైరస్ అని ధ్వనిస్తుంది. ‘రుధిరస్థ విషాణుజన్యుపదార్థము’ అని నేనే ఒక సమాసం కట్టి, గట్టిగా చదివి, సిగ్గుపడి కొట్టేశాను. ప్రస్తుతానికి ‘నెత్తుటిలో వైరస్ జాడ’ అంటున్నాను. జాడ అంటే అడుగు గుర్తే గాని మనిషి కాదు గనుక, వూహాన్ పరిశోధకుల నిగ్రహం ఇందులో నిలుస్తుంది. ఎక్కడ అన్నదీ మాటలోనే ఉంది. దానికి జోడీగా పుల్ల పరీక్షకు ‘ముక్కులో వైరస్ జాడ’ అని, పక్కనే లక్షణాలు మొదలై ఎన్నవ రోజో ఒక అంకె. పరీక్ష చీటీల మీద తెలుగులో ఈ ఒక్క పంక్తి అచ్చు వేయడానికి ల్యాబులకు అదనంగా అయ్యే సిరా ఎంతో లెక్కల మాస్టారుంటే చెప్పేవారు. మీకు ఇంతకంటే పొట్టి మాట, నోరు తిరిగే మాట తోస్తే రాయండి. ‘లోడు’ అని మాత్రం రాయకండి.